కూటమి రోజునే గ్రహాలు మనకు దూరం

గ్రహ కూటమి, అంటే ఒకే రాశిలో పలు గ్రహాలు చేరడం, అనగానే ప్రళయం మాట మళ్లీ మొదలవుతుంది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి పేరిట దేశమంతటా హోమాలు జరిగాయి. 1982, 2000, 2012లలోనూ గడువులు పెట్టారు, అవీ గడిచిపోయాయి. అయినా 2025 మార్చి 29న మీనంలో ఆరు గ్రహాలు కలుస్తున్నాయనగానే అవే మాటలు ఫోన్లలో తిరిగాయి.

ఈ భయానికి జవాబు పంచాంగంలోని గ్రహస్థితి పట్టికలోనే దొరుకుతుంది. కుజ, గురు, శనుల కక్ష్యలు భూకక్ష్యకు వెలుపల ఉన్నాయి కనుక, అవి సూర్యుడున్న రాశిలోనే కనిపిస్తున్నాయంటే సూర్యుడికి ఆవలి వైపున, అంటే మనకు దాదాపు గరిష్ఠ దూరంలో ఉన్నాయని అర్థం. మనకు బాగా దగ్గరైనప్పుడు 59 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండే గురుగ్రహం, 1962 కూటమి నాడు సుమారు 90 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. సముద్రాలను పోటెత్తించే బలం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే అంత భారీ గురుగ్రహం ఎంత దగ్గరికి వచ్చినా, ఆ బలం చంద్రుడి బలంలో లక్షో వంతు కూడా ఉండదు. ఇక 1962లో ఎనిమిదో గ్రహంగా లెక్కించిన కేతువు చంద్రుడి మార్గం సూర్యుడి మార్గాన్ని ఖండించే బిందువు మాత్రమే. దానికి బరువే లేదు.

ఓరుగల్లు వారికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఉంది. 1186 సెప్టెంబరులో సూర్యచంద్రులతో పాటు కంటికి కనిపించే ఐదు గ్రహాలూ ఒకచోట చేరినప్పుడు, పెనుగాలులు వీస్తాయని, భూకంపాలు వస్తాయని ఐరోపాలో లేఖలు తిరిగాయి. అప్పటికి హనుమకొండలో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడికి 23 ఏళ్లు. ఆ కూటమి దాటిన 27 ఏళ్లకు, 1213లో, పాలంపేటలో రామప్ప గుడి వెలిసింది.

నమ్మినవారు శాంతి చేయించుకుంటే పోయేదేముందని కొందరంటారు. గ్రహణ ఘడియలను ముందే చెప్పగల మన గణితం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ గ్రహస్థితిని లెక్కగట్టడం వేరు, అందులోంచి ప్రళయాన్ని తీయడం వేరు. భయంతో అప్పు తెచ్చి హోమం చేయించిన ఇంటికి నష్టం జరిగినట్టే.

అసలు లోపం మన చదువులో ఉంది. సౌర కుటుంబం పాఠాన్ని పట్టపగలు, మార్కుల కోసం చెప్పి వదిలేస్తున్నాం. ములుగు, భూపాలపల్లి పల్లెల్లో చీకటి ఆకాశం ఇంకా మిగిలే ఉంది. శీతాకాలపు రాత్రుల్లో, గురుగ్రహం పైకి వచ్చే నెలల్లో, బడి మైదానంలో చిన్న దూరదర్శిని పెట్టి, ఆ గ్రహం పక్కన చుక్కల్లా కనిపించే నాలుగు ఉపగ్రహాలను పిల్లల చేత వరుసగా మూడు రాత్రులు నోటు పుస్తకంలో గీయించాలి. ఆ చుక్కలు రోజురోజుకూ చోటు మారడాన్ని తమ చేత్తో గీసిన పిల్లలకు ప్రళయం వీడియోను ప్రశ్నించే ధైర్యం వస్తుంది. వరంగల్ ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇందుకు ముందుకు రావాలి. వారు వెళ్లి రావడానికి అయ్యే ఖర్చును జిల్లా విద్యాశాఖలు భరించాలి.