పాలపన్ను

పదిమంది ఆదాయపు పన్ను లెక్కలు చూసిపెట్టి బతికే నాకు, పన్ను అనే మాట చెవిన పడగానే జూలై 31వ తేదీ గుర్తుకు రావడం పదేళ్ళుగా అలవాటు. అటువంటిది మొన్నటి వేసవిలో, మా అమ్మాయికి ఏడో నెల నడుస్తుండగా, ఆ మాటకు మా ఇంట్లో అర్థమే మారిపోయింది. ఈ కొత్త పన్నుకు గడువు లేదు, రసీదు లేదు, మినహాయింపులు అసలే లేవు. వసూలు మాత్రం రాత్రి పన్నెండు దాటిన తరవాతే జరుగుతుంది. మొత్తం 20 వాయిదాలనీ, చివరిది తీరేసరికి పిల్లకు రెండున్నర, మూడేళ్ళు వస్తాయనీ పిల్లల డాక్టరుగారు చెప్పినప్పుడు, నేను మనసులోనే వడ్డీ లెక్క కట్టుకుని ఊరుకున్నాను.

లక్షణాలు పగటిపూటే మొదలయ్యాయి. చొంగ ధారగా కారి గంటకొక చొక్కా తడిసేది, గడ్డం కింద చర్మం ఎర్రగా కందితే మా అత్తగారు మెత్తటి గుడ్డతో అద్ది కొబ్బరినూనె రాసేవారు, రాసిన ఐదు నిమిషాలకు మళ్ళీ చొంగ. చేతికి దొరికినదల్లా నోట్లోకే వెళ్ళేది: దుప్పటి అంచు, నా వాచీ పట్టీ, అమ్మమ్మ మెడలోని సూత్రాలు, ఒకనాడు నన్ను నమ్మి ఒక పెద్దమనిషి ఇచ్చిపోయిన ఫారం 16 కూడా. ఆ ఫారంలో మినహాయింపులు ఉండవలసిన చోట చిల్లి ఉండటం చూసి ఆయన ఏమనుకున్నారో నాకు చెప్పలేదు.

పగలంతా ఇలా కులాసాగా గడిపే పిల్లకు దీపం ఆర్పగానే చిగుళ్ళ నొప్పి గుర్తుకు వచ్చేది. పగలైతే చూడటానికి కాకులూ, తిరిగే ఫ్యానూ, పక్కింటి పిల్లీ ఉంటాయనీ, రాత్రిపూట పిల్లకు తోడుగా నొప్పి ఒక్కటే ఉంటుందనీ డాక్టరుగారు అన్నారు. ఆ తోడు చాలదన్నట్టు మమ్మల్ని కూడా లేపేది.

ఇక సలహాల సంగతి. వీధి చివర మందుల షాపు అబ్బాయి, అడగకముందే, చిగుళ్ళకు రాసే జెల్ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. మా ఆవిడ గొట్టం మీది సన్నటి అక్షరాలను దీపం కింద పెట్టి చదివి, అందులో బెంజోకైన్ ఉందని కనిపెట్టింది. రెండేళ్ళలోపు పిల్లల చిగుళ్ళకు అది వద్దనీ, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని అది తగ్గించే ప్రమాదం ఉందనీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించిందని ఆమె చెప్పగా, ఆ గొట్టాన్ని మరునాడే తిరిగి ఇచ్చివేశాను. ఆ అమెరికాలోనే స్థిరపడిన మా పెద్దనాన్నగారి అబ్బాయి పంపిన పసుపుపచ్చ పూసల దండది ఇంకొక కథ. అది మెడలో వేస్తే నొప్పి లాగేస్తుందట. నిద్రలో మెడకు బిగుసుకున్నా, తెగి పూస గొంతుకు అడ్డం పడ్డా ఎవరు జవాబు చెబుతారని మా ఆవిడ దానిని పెట్టెలోంచి పూర్తిగా బయటికి కూడా రానివ్వలేదు. అంత ఖరీదైన దండ వృథా కావడం ఇష్టంలేక మా అత్తగారు దానిని వేంకటేశ్వరస్వామి పటానికి వేశారు. స్వామికి పళ్ళ నొప్పి లేదు కాబట్టి పనిచేస్తున్నదో లేదో తెలియదు.

అన్నిటికంటె ఎక్కువ ఆందోళన మాత్రం బెంగళూరులో ఉన్న మా బావమరిదిది. పై పన్ను ముందు మొలిస్తే మేనమామకు గండమని పెద్దవాళ్ళ నమ్మకం. సాధారణంగా ముందు వచ్చేవి కింది ముందరి పళ్ళే అయినా, కొందరికి పైవి ముందు రావడం కూడా మామూలేనని డాక్టరుగారు ఎంత చెప్పినా మా అత్తగారి చెవికి ఎక్కలేదు. మా బావమరిది దేవుణ్ణే నమ్మనని చెప్పుకునే మనిషి, పైగా సాఫ్టువేరు ఉద్యోగి. అయినా రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, మేనకోడలి ఆరోగ్యం, వాతావరణం, క్రికెట్టు అన్నీ అయ్యాక, ఏదో మాటవరసకు అడిగినట్టు, "ఇంతకీ బావా, కదలిక పైనా, కిందా?" అని అడిగేవాడు.

డాక్టరుగారు చెప్పినవి తేలికైన పనులే. చేతులు శుభ్రంగా కడుక్కుని వేలితో చిగురును మెల్లగా రుద్దాలి, శుభ్రమైన గుడ్డను తడిపి ఫ్రిజ్‌లో చల్లబరచి నమలనివ్వాలి, కాని గడ్డకట్టే అరలో పెడితే గట్టిబడి చిగురుకే దెబ్బ, కాబట్టి అక్కడ వద్దు, పిల్ల మరీ అల్లాడిపోతే బరువును బట్టి తాను రాసిన కొలతలోనే పారాసిటమాల్ చుక్కలు వేయాలి, ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటితే "పళ్ళ జ్వరం" అని ఇంట్లో కూర్చోకుండా తన దగ్గరికి తీసుకురావాలి. ఇంత సులువైన పనులను కూడా ఒక మగవాడు ఎంత దూరం తీసుకుపోగలడో ఆయన ఊహించి ఉండరు.

గుడ్డ బాధ్యత నేను తీసుకున్నాను. మా మామగారి పాత ధోవతి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినది, పిల్ల పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో ముక్కలు ముక్కలుగా సేవ చేస్తూనే ఉంది. అందులోంచి జానెడు ముక్క చింపి, వేడినీళ్ళలో మరిగించి, తడిపి, పిండి, చుట్టగా చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, పైన "పాప చిగుళ్ళకు" అని చీటీ అంటించి ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాను. చీటీ అంటించకపోతే లెక్కల మనిషికి తృప్తి ఉండదు. ఫ్రిజ్ చెమ్మకు ఆ చీటీ సాయంత్రానికే ఊడి వంకాయల మీద పడిందన్న విషయం తరవాత తెలిసింది. అదే రోజు మా అత్తగారు, తెనాలి పెరటిలోంచి తాను తెచ్చిన పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి, వాడిపోకుండా అదే ధోవతిలోని ఇంకొక ముక్కను తడిపి అందులో చుట్టి, అటువంటి డబ్బాలోనే అదే అరలో పెట్టారన్న విషయం ఇంకా తరవాత తెలిసింది. రెండు డబ్బాలూ మా పెళ్ళికి వచ్చిన సెట్టులోవే. రెంటి మీదా ఒకే పేరు, ఒకే తేదీ చెక్కి ఉన్నాయి. ఫ్రిజ్‌లో బల్బు పోయి నాలుగు నెలలైంది. దానిని మార్పించడం నా పద్దులోనే ఉంది.

రాత్రి రెండు గంటల ఇరవై నిమిషాలకు పిల్ల లేచింది. మా ఆవిడ భుజాన వేసుకుని తిరుగుతున్నది, నిద్ర చెదురుతుందని దీపం వేయనివ్వలేదు. నేను తడుముకుంటూ వెళ్ళి, మధ్య అరలో చేతికి తగిలిన డబ్బా మూత తీసి, చల్లగా తడిగా ఉన్న చుట్టను బయటికి తీశాను. లోపల కాస్త గట్టిగా, వేళ్ళంత వేళ్ళంత పొడవుగా ఏవో తగిలాయి. నేను ఇంత పొందికగా మడతలు పెట్టానా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అయితే పాలు పట్టే ముందు మణికట్టు మీద చుక్క వేసి చూసుకునే జాగ్రత్త నాది; మరీ చల్లగా ఉంటే పసి చిగురుకు ఏమవుతుందోనని, ముందుగా ఆ చుట్ట కొసను నా నోట్లో పెట్టుకుని, చిగురు బలం ఎంతో తెలియదు కనుక, ఉన్న బలమంతా పెట్టి కొరికాను.

గుంటూరు జిల్లా మిరపకాయ గురించి నేను కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. మొదటి క్షణం చల్లగానే ఉంది. రెండో క్షణంలో నేను వేసిన కేకకు కింది అంతస్తులోని రిటైర్డు హెడ్మాస్టరుగారు దొంగలు పడ్డారనుకుని ఇంటర్‌కమ్ మోగించారు, వాచ్‌మన్ ఈల వేశాడు, ఆ ఈలకు వీధి కుక్కలు వంత పాడాయి. నేను చెంబెడు మంచినీళ్ళు తాగాను. కారానికి నీళ్ళతో సంబంధం లేదు, అది పాలకూ పెరుగుకూ మాత్రమే లొంగుతుంది. నీళ్ళు తాగడం వల్ల అంతవరకు నాలుక కొసన ఉన్న మంట గొంతు దాకా పాకింది. మా అత్తగారు కంగారుగా లేచి వచ్చి దీపం వేసి, నా చేతిలోని చుట్టను చూసి, "అయ్యో అల్లుడుగారూ, ఉప్మాలోకి పెట్టానండీ అవి!" అన్నారు. మిరపకాయ అంటిన చేతులతో పిల్లను ముట్టుకోవద్దని మా ఆవిడ గది అవతలినుంచే ఆజ్ఞ వేసింది. నేను చేతులు పైకెత్తి, పోలీసులకు లొంగిపోయినవాడిలా, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఈ గందరగోళంలో ఎవరూ గమనించని సంగతి ఒకటి జరిగింది. పిల్ల ఏడుపు ఆగింది. అమ్మ భుజం మీదినుంచి నన్ను రెప్ప వేయకుండా చూస్తున్నది. కళ్ళ నీళ్ళు కారుతూ, ముక్కు ఎర్రబడి, చొంగ ధారగా చొక్కా మీద పడుతూ, నోరు మూయలేక మూలుగుతున్న మనిషిని చూసి, తన కష్టం తెలిసిన ప్రాణి ఈ ఇంట్లో ఇంకొకటి ఉందని దానికి ధైర్యం వచ్చిందేమో, ఒక్కసారిగా కిలకిలమని నవ్వింది. మా అత్తగారు పెరుగు గిన్నెతో పాటు రెండో డబ్బాను కూడా తెచ్చి, అసలు చుట్టను ఎవరికి ఇవ్వాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ముందు ఆయనకు ఇవ్వమ్మా" అన్నది. అంత శ్రద్ధగా మరిగించి చల్లబరచిన గుడ్డను పెరుగులో ముంచి నేనే నమిలాను. పనిచేస్తుందని నా అనుభవం మీద చెప్పగలను.

పిల్ల నవ్వుతున్నప్పుడే మా ఆవిడ చేయి కడుక్కుని వచ్చి చిగురును వేలితో రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఆగి, వెండి ఉగ్గుగిన్నె తెమ్మన్నది. గిన్నె అంచు చిగురుకు మెల్లగా తాకించగానే "టిక్కు" మన్నది. బియ్యపు గింజ కొసంత తెల్లటి గీత. పిల్ల ఆ తరవాత పది నిమిషాలకే నిద్రపోయింది. దానిని వెల్లకిలా పడుకోబెట్టి, మిగిలిన ముగ్గురమూ తెల్లవార్లూ మేలుకున్నాము.

మా బావమరిదికి చెప్పకుండా మా అత్తగారు ఉండలేకపోయారు. మూడింటికి ఫోను కలిపి, వంటింట్లో పాలు పొంగుతున్నాయని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. "పన్ను వచ్చిందా? బావా, పైదా?" అని అతడు అడుగుతున్నాడు. నా నోట్లో గుడ్డ ఉంది. కాదని చెబుదామని ప్రయత్నించాను, కాని "ఊఁ" అనే శబ్దమే వచ్చింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం తరవాత ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఉదయం మొదటి విమానంలో అతడు హైదరాబాదు వచ్చేశాడు. ఎవరి మాటా నమ్మే స్థితిలో లేడు. చేతులు కడుక్కుని, మేనకోడలి నోరు తెరిచి, పై చిగురంతా వేలితో తడిమి ఏమీ లేదని నిర్ధారించుకుని, సంతోషం పట్టలేక కింది చిగురు మీద కూడా వేలు పెట్టాడు. పిల్ల పన్ను పనితనాన్ని మొట్టమొదటిసారిగా పరీక్షించి చూసింది. మేనమామ కేక విని వంటింట్లోంచి వచ్చిన మా అత్తగారు, అతడి వేలిని ఇటూ అటూ తిప్పి చూసి, గండం ఇంత తేలికగా గడిచిపోయినందుకు స్వామికి దండం పెట్టుకున్నారు.