సవరణ: బావి చెరను దాటిన బిడ్డ ఎవరు?

క్రిస్టఫర్ నోలన్ బ్యాట్‌మన్ చిత్రత్రయంలో చివరిదైన, 2012లో విడుదలైన ‘ది డార్క్ నైట్ రైజెస్’ గురించి నిరుడు రాసిన వ్యాసంలో నేను రెండు తప్పులు చేశాను. లోతైన బావిలా ఉండే చెరసాల సన్నివేశాలన్నీ రాజస్థాన్‌లోనే తీశారన్నది మొదటిది. బ్యాట్‌మన్ అసలు మనిషైన బ్రూస్ వేన్ పైకెక్కి వెలుగులోకి వచ్చే బయటి దృశ్యాన్ని మాత్రమే 2011 మేలో జోధ్‌పూర్ దగ్గర, దూరంగా మెహ్రాన్‌గఢ్ కోట కనిపించేలా చిత్రీకరించారు. బావి లోపలి భాగం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు ఆకాశనౌకలను నిలిపిన భారీ షెడ్డులో వేసిన సెట్. మన దేశపు కోట కనబడిందన్న సంబరంలో ఆ కళా బృందం శ్రమను విస్మరించాను.

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది, ఎందుకంటే అది కథనే మార్చేసింది. చిన్నతనంలో ఆ బావి నుంచి తాడు లేకుండా తప్పించుకున్నది ఈ చిత్ర ప్రతినాయకుడు బేన్ అని రాశాను. బ్రూస్‌తోపాటు ప్రేక్షకులూ చాలాసేపు అలాగే నమ్మేట్టు కథను నడిపినా, ఆ బిడ్డ తాలియా అని, అప్పటిదాకా మిరాండా టేట్‌గా కనిపించిన ఆమే బ్యాట్‌మన్ పాత శత్రువు రాస్ అల్ ఘూల్ కూతురని పతాక సన్నివేశాల్లో తెలుస్తుంది. బేన్ ఆమెను తోటి ఖైదీల నుంచి కాపాడి, వాళ్ల చేతుల్లో చిక్కి, ఆ గాయాల నొప్పిని ఓర్చుకోవడానికే జీవితాంతం ముసుగు ధరించినవాడు. ఈ సంగతి వదిలేస్తే అతని విధేయతకు, ఆమె మాట వింటున్నప్పుడు అతని కంట నిలిచే తడికి అర్థమే ఉండదు. బేన్‌ను కేవలం విధ్వంసకుడిగా చూపిన నా పేరాను పూర్తిగా తొలగించి, తిరగరాశాను. పొరపాటును ఎత్తిచూపిన పాఠకులకు కృతజ్ఞతలు.