ముందు మనిషి, తర్వాత ఎలుక

మా బాబాయి వాట్సాప్ ఆస్పత్రిలో ఈ వారం కొత్త సరుకు దిగింది: "పాడైన అన్నవాహిక స్థానంలో కొత్తది మొలిపిస్తారు. మీ సొంత మూలకణాలతోనే!" ఆ 'సొంత' అనే మాట దగ్గరే నాకు తిక్క రేగుతుంది. సొంతిల్లు, సొంత కారు, సొంత కణాలు. సొంతం అన్నాక ఇక ఎవరూ ప్రశ్న వేయరు.

స్టాక్‌హోమ్‌లోనూ వేయలేదు. వైద్యంలో నోబెల్ ఎవరికివ్వాలో తేల్చే కరోలిన్‌స్కా అనే వైద్య సంస్థ ఉన్నది అక్కడే. 2011 జూన్‌లో పావొలో మక్యారినీ అనే సర్జన్ అక్కడ ఒక వంటకం కనిపెట్టారు. ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకోవాలి. రోగి ఎముక మజ్జలోంచి తీసిన సొంత కణాలు దానిమీద పోయాలి. ఒక డబ్బాలో తిప్పుతూ 36 గంటలు నానబెట్టాలి. ప్రాణమున్న శ్వాసనాళం రెడీ.

మా అమ్మ ఆవకాయ జాడీని మూడోరోజు దాకా కదపనివ్వదు. మినప్పప్పు నానాలి, రుబ్బాలి, రాత్రంతా పులవాలి, అంతా అయ్యాక కూడా చలికాలంలో ఇడ్లీకి గ్యారంటీ లేదు. స్వీడన్‌లో మాత్రం ఒకటిన్నర రోజుకే ప్లాస్టిక్‌కి ప్రాణం వచ్చేసింది. ఈ సంగతి మా మేస్త్రీకి చెప్పి, మన ఇంటి పైపుల్ని కూడా తొట్టిలో నానేద్దామా అన్నాను. "సిమెంటుకే 21 రోజులు నీళ్ళు కొట్టాలి సార్" అన్నాడు జాలిగా. అందుకే ఆయన ప్రొఫెసర్ కాలేదు.

వైద్యశాస్త్రానికి ఒక పాత చాదస్తం ఉంది. ముందు ఎలుక, తర్వాత పంది, ఆఖర్న మనిషి. మక్యారినీ గారు వరస తిరగేశారు. జంతువుల్లో సరైన పరీక్ష లేకుండానే గొట్టం మనుషుల గొంతులోకి దిగింది. అన్నవాహిక దగ్గరికొచ్చేసరికి ఎలుకలు గుర్తొచ్చాయి. 14 రోజులూ ఎలుకలన్నీ బతికాయని 2014లో పరిశోధన పత్రం వేశారు. 2017లో ఆ పత్రం చెల్లదని వెనక్కి పోయింది. (తన రెండో పెళ్ళి పోప్ గారే చేయిస్తారని కాబోయే భార్యని నమ్మించిన మనిషి ఈయనే. మొదటి భార్య అప్పటికింకా భార్యే.)

కరోలిన్‌స్కాలో ఆ గొట్టం పెట్టించుకున్నది ముగ్గురు. ముగ్గురూ పోయారు. మొదటివాడు ఎరిత్రియా నుంచి ఐస్‌లాండ్ వచ్చి చదువుకుంటున్నవాడు, పిల్లల తండ్రి. అక్కడే పనిచేసే నలుగురు డాక్టర్లు 2014లోనే మొత్తుకున్నారు. సంస్థ తానే పిలిపించిన బయటి పరిశోధకుడు 2015లో తప్పు జరిగిందన్నాడు. అయినా సంస్థ పెద్దాయన అదే ఏడాది ఆగస్టులో ఏ తప్పూ లేదని తేల్చేశారు. టీవీలో డాక్యుమెంటరీ వచ్చి పరువు పోయాక గానీ కళ్ళు తెరుచుకోలేదు. శవాలు చాలలేదా, కెమెరా కావలసి వచ్చిందా? 2018లో సంస్థ చివరికి దోషుల జాబితా రాస్తే, మొత్తుకున్న నలుగురిలో ఒకరి పేరు కూడా అందులో ఉంది! గొట్టం పెట్టిన చేతులకి 2023లో పడింది రెండున్నరేళ్ళ జైలు. ముగ్గురు మనుషులకి.

ఇంతకీ బాబాయి అన్నవాహిక. ఆ తిప్పే డబ్బా అమ్మిన వ్యాపారంలోంచి విడిపోయిన కంపెనీయే తర్వాత దీనిమీద పడింది. బుద్ధొచ్చి ఈసారి పందులతో మొదలుపెట్టింది. గొట్టం ఇక్కడ అవయవం కాదు, స్లాబు కింద సెంట్రింగ్ చెక్క. చుట్టూ శరీరమే కొత్త కండ అల్లుకున్నాక ఊడదీసేస్తారు. 2017లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రిలో మొదటిసారి ఒక మనిషికి పెట్టారు. కణజాలం పెరిగింది, ఆయన మాత్రం కొన్ని నెలలకే పోయారు. అప్పటికే ఆయనకి పెద్ద క్యాన్సరు. ఒక్క మనిషితో ఏం తేలుతుంది?

ఇదంతా బాబాయికి అరగంట చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే పందులకి పనిచేసిందన్నమాటే కదరా" అని, ఇంకో పాతికమందికి ఫార్వర్డ్ చేశాడు.