మహారాజశ్రీ హౌస్ బాల్ గారికి, వాచిన బొటనవేళ్ల తరఫున

మహారాజశ్రీ బౌలింగ్ సెంటర్ ర్యాక్ మీద, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆటకు వచ్చినవాళ్లెవరైనా ఎత్తుకునేలా, మూడు వేళ్ల రంధ్రాలతో కొలువుతీరిన ఉమ్మడి బంతి హౌస్ బాల్ గారి సముఖానికి, మూడో ఆట పూర్తయ్యేసరికి నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోతున్న వాళ్లందరం రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని చూస్తేనే తెలుస్తోంది. నున్నటి ఒళ్లు, తళతళలాడే రంగు, రోజంతా లేన్ అనే బాట పక్కనుండే కాలవలో, అంటే గట్టర్లో దొర్లినా చెక్కుచెదరని నిబ్బరం. ఇక్కడ మేమూ క్షేమమే, బొటనవేలు, నడిమివేలు, ఉంగరపువేలు మినహా.

తమరి మీద ఫిర్యాదంటే చాలు, ఆడలేక మద్దెల ఓడు అన్నారని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీయండి. మద్దెలను కూడా ఒకసారి తిప్పి చూడటం ధర్మం కదా అని చూశాం. ఓడే.

తమరికి మూడు రంధ్రాలు తొలిచినవాడు ఏ ఒక్కరి చేతినీ కొలవలేదు. సగటు చేయి అనే ఒక మనిషిని ఊహించుకున్నాడు. ఆ మనిషి ఇంతవరకూ ఏ లేన్ మీదా కనిపించలేదు. కుడిచేతివాటం వాళ్లూ ఎడమచేతివాటం వాళ్లూ తమరినే ఎత్తాలి కాబట్టి నడిమివేలికీ ఉంగరపువేలికీ సమానంగా సర్దేశాడు. ఆ రెండు వేళ్లూ పుట్టుకతోనే లావులోనూ పొడవులోనూ సమానం కావన్నది ఆయనకు అనవసరం. ఇక బొటనవేలు అడ్డంగా కొలిస్తే ఒక లెక్క, నిలువుగా కొలిస్తే ఇంకో లెక్క; అది కోలగా ఉంటుంది. తమరి రంధ్రమేమో శుద్ధ వృత్తం. కాబట్టి వేలు రెండు వైపులా ఒరుసుకుంటుంది, మిగతా రెండు వైపులా గాలి ఆడుతుంది. ఒకే పూట బిగుతూ వదులూ రెండూ అనుభవించే భాగ్యం తమరి దగ్గరే దొరుకుతుంది.

అన్నిటికంటే గొప్ప ఏర్పాటు బరువుకీ రంధ్రానికీ తమరు కట్టిన ముడి. ర్యాక్ మీద 6 పౌండ్ల నుంచి 16 పౌండ్ల దాకా వరసగా కూర్చుంటారు. సాధారణంగా బరువు పెరిగేకొద్దీ రంధ్రాలూ పెద్దవవుతాయి. సన్నటి వేళ్లూ బలమైన భుజమూ ఉన్నవాళ్లు ఏం చేయాలి? లావు వేళ్లూ అరిగిన మణికట్టూ ఉన్న పెద్దాయన 10 పౌండ్ల బంతి ఎత్తుకుందామంటే అందులో దూరేది చిన్నపిల్లల వేలే. మనుషులు వేళ్ల లావును బట్టి బలం తెచ్చుకోవాలని తమరి శాసనం కాబోలు.

అసలు నేరం బరువుదని చాలామంది పొరబడతారు. బరువు తోడుదొంగ మాత్రమే. ఒక ఆటకు 10 ఫ్రేములు, అంటే 10 వంతులు. ఒక్క స్ట్రైక్ కూడా (తొలి విసురుకే పిన్నులన్నీ కూలడం) పడని వాడికి వంతుకు రెండు చొప్పున కనీసం 20 విసుర్లు, మూడు ఆటలకు 60. 14 పౌండ్లంటే సుమారు 6.35 కిలోలు, అంటే ఒక పూటలో దాదాపు 380 కిలోలు చేతి మీదుగా వెళ్తాయి. చేయి వెనక నుంచి ఊగుతూ కిందికి వచ్చే క్షణంలో వేళ్ల మీద పడేది అంతకన్నా ఎక్కువే. అయినా ఆ బరువును కొలత కుదిరిన బంతిలో వేళ్లు మోయగలవు, ఎందుకంటే అక్కడ వేళ్లు కొక్కేల్లా ఊరికే వేలాడితే చాలు. తమరి దగ్గర అలా కుదరదు. రంధ్రం వదులైతే బంతి జారిపోతుందన్న భయంతో బొటనవేలు లోపల వంగి గోడను నొక్కి పట్టుకుంటుంది. తొలి నొప్పి పుట్టేది అక్కడే. నొక్కినకొద్దీ చర్మం ఒరుసుకుంటుంది, వేడెక్కుతుంది, వేలు ఉబ్బుతుంది. రెండో ఆటకల్లా అదే రంధ్రం బిగుతవుతుంది. వదులు రంధ్రంతో మొదలైన మనిషి బిగుతు రంధ్రంతో ఇల్లు చేరడం వెనక మర్మం ఇదీ.

ఏ చోట నొప్పెడుతోందో చూస్తే తమరు ఏ సెక్షన్ కింద దోషులో తేలిపోతుంది. బొటనవేలి వెనకవైపు, కణుపు మీద తోలు లేస్తే రంధ్రం వదులు, వేలు లోపల వంగుతోంది. బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు లాగినట్టుంటే స్పాన్ ఎక్కువ. అంటే బొటనవేలి రంధ్రానికీ మిగతా రెండిటికీ మధ్య దూరం చేతికి మించిపోయింది. స్పాన్ తక్కువైతే అరచేయి బంతి నుంచి పైకి లేచి, వేళ్లు గోళ్లలా పట్టి గిచ్చడం మొదలుపెడతాయి, కొసలు మండుతాయి. వేలి మొదట్లో చుట్టూ ఎర్రటి గీత పడితే రంధ్రం అంచు పదునుగా ఉన్నట్టు. సొంత బంతికైతే ఆ అంచును గుండ్రంగా అరగదీసి ఇస్తారు. తమరి అంచును ఎందరో అరగదీశారు, కానీ తమ చర్మంతో.

అందువల్ల తమరిలో ఎవరిని ఎత్తాలో ఇక రంగు చూసి కాక కొలత చూసి తేలుస్తాం. ముందు బొటనవేలు మొత్తం లోపలికి దూర్చాలి. మిగతా రెండు వేళ్లను దూర్చకుండా వాటి రంధ్రాల మీదుగా చాపి పెట్టాలి. వేలి కొస నుంచి లెక్కిస్తే రెండో కణుపు మడత, రంధ్రం దగ్గరి అంచును సుమారు పావు అంగుళం దాటాలి. మడత అంచు దాకా రాకపోతే ఆ స్పాన్ పెద్దది, రంధ్రం మధ్యకు పోతే చిన్నది. తర్వాత వేళ్లు కూడా దూర్చి అరచేతికీ బంతికీ మధ్య ఒక పెన్సిల్ పోనిచ్చి చూడాలి. కాస్త ఒరుసుకుంటూ పోతే సరి. బొటనవేలిని లోపల గుండ్రంగా తిప్పితే గోడ చర్మానికి తగులుతూ ఉండాలి, పట్టుకోకూడదు. బయటికి లాగినప్పుడు సీసా బిరడా తీసిన చప్పుడొస్తే ఆ బంతిని మర్యాదగా దాని స్థానంలో కూర్చోబెట్టాలి. ఇవన్నీ మూడు నాలుగు బంతుల మీద చేస్తుంటే వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వాలి. వాళ్ల వేళ్లు కావు.

బరువు విషయంలో శరీరం బరువులో పదో వంతు అని ఒక పాత లెక్క చలామణీలో ఉంది. 60 కిలోల మనిషికి దాదాపు 13 పౌండ్లు. ఆ లెక్క కొలత కుదిరిన బంతికైతే ఏదో ఒక మేరకు పనికొస్తుంది. తమరి విషయంలో అందులోంచి ఒకటి రెండు పౌండ్లు తీసేయడమే క్షేమం, ఎందుకంటే మోసే శ్రమకు నొక్కే శ్రమ అదనం. 60 అడుగుల అవతల నిలబడ్డ పిన్నులు బంతి మీది అంకె చదవవు. 15 పౌండ్లు ఎత్తి స్నేహితుల ముందు పరువు నిలుపుకున్న ఘనులు ఏడో ఫ్రేములో రెండు చేతులతో దొర్లించడం ఏ సెంటర్లోనైనా కనిపించే దృశ్యమే.

తమరి వదులుకు మా దగ్గర ఉన్న మందు బౌలింగ్ టేప్. ముక్కలుగా కత్తిరించి అమ్ముతారు, వెడల్పు ముప్పావు అంగుళం లేదా ఒక అంగుళం. గరుకు తెల్లటేపు బొటనవేలి రంధ్రం లోపల, వేలి గుజ్జు తగిలే వైపు అంటిస్తే పట్టు దొరుకుతుంది. నున్నటి నల్లటేపు గోరు వైపు అంటిస్తే వేలు సాఫీగా జారుకుంటుంది. అంచుకు పావు అంగుళం కిందనుంచి మొదలుపెట్టి, ఒకదాని మీద ఒకటిగా, ప్రతిదాన్నీ కాస్త కిందికి దించి వేయాలి. అంచులన్నీ ఒకే చోట కలిస్తే మెట్టులా ఏర్పడి అదే చర్మాన్ని కోస్తుంది. కిటుకు అంటించడంలో కంటే పీకడంలో ఉంది. మొదటి ఆటలో వేలు సన్నగా ఉన్నప్పుడు మూడు ముక్కలుంటే, వేలు ఉబ్బిన కొద్దీ ఒక్కొక్కటే తీసేయాలి. చాలామంది వేయడం నేర్చుకుంటారు, తీయడం మర్చిపోతారు. ఆ తర్వాత వేలు ఇరుక్కుని బంతితో పాటు తామూ, విసిరేవాడు దాటకూడని ఫౌల్ లైన్ దాటుతారు. వెళ్లిపోయేటప్పుడు టేపు మొత్తం పీకేసి పోవడం మర్యాద. తర్వాత వచ్చేవాడు మన బొటనవేలి కొలతను వారసత్వంగా పొందనక్కర్లేదు. టేపు లేనివాళ్లకు ఇంకో దారుంది. అదే బరువులో రంధ్రం కొంచెం పెద్దగా ఉన్న రెండో బంతిని ముందే చూసి పెట్టుకుని, వేలు ఉబ్బాక దానికి మారడం.

వేలికి చుట్టే రక్షణ టేపు వేరు, దీనితో కలిపేయకూడదు. అది చర్మం మీద వేసేది, ఒరుసుకునే చోట మాత్రమే, ముడతలు లేకుండా. బొబ్బ లేచాక వేసేకంటే ఎర్రబడగానే వేయడం మేలు. జిగట పొడి నింపిన రోజిన్ సంచి అందరూ బొటనవేలికి పులుముతారు, అక్కడే తప్పు. జిగట కావలసింది నడిమివేలికీ ఉంగరపువేలికీ. బొటనవేలు అందరికంటే ముందు బయటికి రావలసిన వేలు, దానికి కావలసింది పొడితనం. విసిరిన బంతులు తిరిగొచ్చే బాల్ రిటర్న్ దగ్గర గాలి ఊదే సందు అందుకే ఉంది, కానీ దాన్ని వాడేవాళ్లు తక్కువ. చెమట ఆరడానికి అక్కడ చేయి పెట్టాలి, ముందుగా గుడ్డతో తుడిచి.

న్యాయంగా మాట్లాడితే మా తప్పూ ఉంది. తమరిని రిటర్న్ మీంచే వేళ్లు దూర్చి ఎత్తుతాం, వంతు వచ్చేదాకా అలాగే వేలాడదీసి కబుర్లు చెబుతాం. అంటే విసరకముందే వేళ్లకు సగం కూలి పని అయిపోతుంది. రెండు చేతులతో ఇరువైపులా పట్టి ఎత్తి, మోచేతిలో ఆనించుకుని, లేన్ ముందు నిలబడ్డాకే ముందు రెండు వేళ్లు, చివర బొటనవేలు దూర్చాలి. స్వింగ్ మొదలయ్యేదాకా బరువు రెండో చేతిదే. చివర్లో వేళ్లతో బంతిని పైకి ఎగదోసే అలవాటు ఇంకొకటి. ఉంగరపువేలి నొప్పిలో దాని వాటా పెద్దది. బొటనవేలు జారాక మిగతా రెండు వేళ్లూ వాటంతట అవే తిప్పుతాయి, తోడు బలం అక్కర్లేదు. గోళ్లు పొట్టిగా ఉంచుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

తమరి పుణ్యాన కాసిన కాయల గురించి ఒక మాట. పూర్తిగా చెక్కేస్తే కింద లేత చర్మం బయటపడి మరుసటి పూట బొబ్బ ఖాయం. చర్మం పొడిగా ఉన్నప్పుడు గోళ్లు అరగదీసే ఎమరీ బోర్డుతో పైపైన రాసి చదును చేస్తే చాలు. బొబ్బను చిదమకుండా కప్పి ఉంచాలి. వాపుకు గుడ్డలో చుట్టిన మంచు, పది పదిహేను నిమిషాలు.

ఇవన్నీ చర్మం గొడవలు. బొటనవేలి లోపలి వైపు, చూపుడువేలికి ఎదురుగా ఉండే అంచున తిమ్మిరి, జివ్వుమనడం, నొక్కితే చిన్న గడ్డలా తగలడం మొదలైతే అది చర్మం గొడవ కాదు. అక్కడ పోయే నరాన్ని రంధ్రం అంచు పదేపదే నొక్కడం వల్ల దాని చుట్టూ కణజాలం గట్టిపడుతుంది. వైద్యులు దీన్ని బౌలర్స్ థంబ్ అనే అంటారు. టేపు మార్చి ఆడేస్తే పోయేది కాదు. ఆట ఆపాలి, రంధ్రం మార్చాలి, తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. కొందరికి శస్త్రచికిత్స దాకా పోతుంది. ఒక జబ్బుకు ఆటగాళ్ల పేరు పెట్టించిన ఘనతలో తమరి వాటా తక్కువేం కాదు.

ఇక మాలో వారానికోసారైనా ఆడేవాళ్ల నిర్ణయం తమరికి తెలియజేస్తున్నాం. సొంత బంతి తొలిపించుకుంటున్నారు. అక్కడ రంధ్రాలను అంగుళంలో 64వ వంతు తేడాలతో కొలుస్తారు, బొటనవేలికి కోలగానే తొలుస్తారు, ఏ వేలు ఏ వాలున దూరాలో కూడా చూస్తారు. వేళ్ల రంధ్రాల్లో మెత్తటి గ్రిప్పులు దిగుతాయి. కొలత ఇవ్వడానికి వెళ్లేటప్పుడు అంతకుముందే ఆడి వాచిన చేతితో పోవద్దని, తర్వాత ఒళ్లు పెరిగినా తగ్గినా మళ్లీ కొలిపించుకోవాలని మాలో మేం చెప్పుకుంటున్నాం. ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్లు మాత్రం తమరి దర్బారుకే వస్తారు, పెన్సిల్ జేబులో పెట్టుకుని.

ఇట్లు,
తమరి రంధ్రాలలో చర్మం సమర్పించుకున్న భక్తబృందం

తా.క.: రిటర్న్ మీద తమరు కదలకుండా కూర్చున్నప్పుడు వెనకనుంచి దొర్లుకుంటూ వచ్చే తమ బంధువుకూ తమకూ మధ్య వేళ్లు పడితే పై జాగ్రత్తలేవీ పనికిరావు. బంతి వచ్చే వైపు చేయి పెట్టకుండా, దొర్లడం ఆగాకే, ఇరుపక్కలా పట్టి ఎత్తుతాం.