ఏ పనికి ఈ పత్రం?

పంద్రాగస్టు దగ్గర పడింది. ప్రశంసా పత్రాలకు శాఖల నుంచి మళ్లీ పేర్లు వెళ్తున్నాయి. గుంటూరు పోలీసు పరేడ్ మైదానమైనా, విజయవాడైనా తంతు ఒకటే. పత్రాలన్నింటా ఒకటే వాక్యం: ‘విధి నిర్వహణలో విశిష్ట సేవలందించినందుకు’. పేరు మాత్రమే మారుతుంది. ఏ పనికి, ఏ రోజున చేసినదానికి ఇచ్చారో అందుకున్నవారికే తెలియదు.

మెచ్చుకోలుకు పని పెంచే శక్తి ఉంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో మూడు గంటల డేటా ఎంట్రీకి 300 మందికి పైగా తీసుకుని, ముందుగా చెప్పకుండా మధ్యలో కృతజ్ఞతా కార్డులిచ్చారు. బాగా చేసినవారికే ఇచ్చినచోట పని బాగా పెరిగింది. పెరిగింది ప్రధానంగా కార్డు రానివారిది! పక్క సీటు మనిషి అన్నీ గమనిస్తుంటాడు. అర్హుడికి దక్కితే తానూ నడుం బిగిస్తాడు. సారు కారు తలుపు తీసేవాడికి దక్కితే, ఈ ఆఫీసులో చెల్లే విద్య ఏదో అదే నేర్చుకుంటాడు.

తప్పుగా పెట్టిన బహుమతి పనిని దించుతుంది కూడా. అమెరికాలో ఓ లాండ్రీ యాజమాన్యం హాజరుకు బహుమతి పెట్టింది. అప్పటిదాకా ఏ బహుమతీ లేకుండానే వేళకు వచ్చేవారి ఉత్పాదకత 6 నుంచి 8 శాతం పడిపోయింది.

అన్ని శాఖలకూ చోటు దక్కాలని, ఒకరిద్దరు అనర్హులు దొర్లడం మామూలేనని అధికారుల వాదన. కోటా నింపితే అది హాజరుపట్టీ అవుతుంది, ప్రశంస కాదు. 2019 పంద్రాగస్టున మహబూబ్‌నగర్‌లో ఉత్తమ కానిస్టేబుల్‌గా పురస్కారం అందుకున్న వ్యక్తి మర్నాడే 17 వేల లంచం కేసులో ఏసీబీకి చిక్కాడు.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత విజయవాడ సింగ్‌నగర్‌లో బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుడికీ ఆ ‘విశిష్ట సేవ’ ముక్కేనా? ఏ వీధి, ఎన్ని రోజులు, ఎన్ని ట్రాక్టర్ల బురద అన్నది మేస్త్రికి తెలుసు. పేరు అక్కడి నుంచి రావాలి. పని జరిగిన వారంలోగా, తోటివారి ఎదుట, చేసిన పని పేరు పెట్టి చెప్పాలి. పత్రం నకలు సర్వీసు రిజిస్టరులో చేరాలి. ఔట్‌సోర్సింగ్ కార్మికుడికి ఆ రిజిస్టరే లేదు. అతని పత్రం ఎక్కడ నమోదు చేస్తారో ముందు అది తేల్చాలి.

జాబితాపై సంతకం పెట్టే అధికారులు ప్రతి పేరు ఎదుట ఒక పని, ఒక తేదీ అడగాలి. రాయలేని పేరు కొట్టేయాలి. సారు వెనకాల ఫైలు పట్టుకుని నడవడమూ విశిష్ట సేవేనని నమ్మితే, సిగ్గుపడకుండా ఆ మాటే పత్రంపై అచ్చేయించండి.