ఫెయిలైన బోరు లెక్క కూడా ఊరికి తెలియాలి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరినడిగినా పక్క రైతు బోరులో ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయో చెప్తారు. అంతకుముందు ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయి, ఎన్ని ఫీట్లకు బండ తగిలింది, ఎండకాలంలో నీళ్లు ఎంత లోతుకు దిగాయి అంటే మాత్రం జవాబు ఉండదు. ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి. మారిన వానలను తట్టుకునే పద్ధతులు మనకు లేక కాదు. ఫామ్ పాండ్ (పొలంలో వాననీటి కుంట) ఉంది, బోరు రీచార్జి గుంత ఉంది, చెరువు పూడిక మట్టి ఉంది. ఏది ఏ నేలలో పనిచేసింది, ఎన్నేళ్లకు పాడైంది, ఎందుకు పాడైంది అన్న సంగతే ఊరి పొలిమేర దాటడం లేదు. ఒక ఊళ్లో చేసిన తప్పునే పక్క ఊళ్లో మళ్లీ అప్పు తెచ్చి చేస్తున్నారు. నా కోపమంతా దాని మీదే.

బోరు రీచార్జి సంగతే తీసుకోండి. ఎండిన బోరు చుట్టూ గుంత తవ్వి రాళ్లు పోస్తే నీళ్లొస్తాయని అందరూ చెప్తారు. తవ్వే ముందు చేయాల్సిన పరీక్ష ఎవరూ చెప్పరు. ఆరున్నర ఇంచుల బోరులో ఫీటుకు దాదాపు ఆరున్నర లీటర్లు పడతాయి. అంటే 300 ఫీట్ల ఎండిన బోరు 2,000 లీటర్లకే నిండుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించి మంచి నీళ్లు వదలండి. రెండు వేల లీటర్లకే అంచుకు వచ్చి, తెల్లారి చూసినా అక్కడే ఉంటే కింద బండకు పగుళ్లు లేవన్నమాట. ఆ బోరుకు గుంత తవ్వినా డబ్బులు దండగే. ట్యాంకర్ మొత్తం తాగి, నీళ్లు ఇంకా దిగుతూ ఉంటే అప్పుడు తవ్వండి. ఒక ట్యాంకర్ కిరాయితో తేలిపోయే విషయం ఇది.

గుంత పది ఫీట్ల పొడవు, పది వెడల్పు, పది లోతు. బోరు పై భాగంలో మట్టి కూలకుండా దించే కేసింగు పైపుకు, గుంతలో బయటపడ్డ మేర, కింది నాలుగైదు ఫీట్లలోనే రెండేసి ఇంచుల దూరంలో చిన్న రంధ్రాలు పెట్టి, నైలాన్ జాలీ మూడు నాలుగు చుట్లు చుట్టి గట్టిగా కట్టాలి. పై భాగానికి రంధ్రాలు వద్దు, బురద నీళ్లు వడపోయకుండానే లోపలికి పోతాయి. అడుగున నాలుగు ఫీట్లు పెద్ద రాళ్లు, వాటిమీద రెండు ఫీట్లు 40 ఎంఎం కంకర, ఒకటిన్నర ఫీటు 20 ఎంఎం కంకర, దానిమీద జాలీ పరిచి ఒకటిన్నర ఫీటు దొడ్డు ఇసుక. పైన ఒక ఫీటు ఖాళీ వదలాలి. కేసింగు నేలకు రెండు ఫీట్లు పైకి ఉండి, మూత బిగించి ఉండాలి. పిల్లలు తిరిగే చోట ఇది మరిచిపోవద్దు.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, వరద వచ్చే వైపు మట్టి ఆగే చిన్న గుంత తవ్వరు. చెలక నుంచి వచ్చే ఎర్ర నీళ్లు నేరుగా ఇసుక మీద పడి మెత్తటి బంక పొర కడతాయి. రెండో వానకాలానికి పైన నీళ్లు నిలుస్తాయి, కిందికి చుక్క దిగదు. ఏటా మృగశిర కంటే ముందే పై రెండు మూడు ఇంచుల ఇసుక గీకి కొత్తది పోయాలి. ఈ ఒక్క పని చేయక మూలన పడ్డ గుంతలను చూసి, ఈ పద్ధతే పనికిరాదని తేల్చేస్తున్నారు. తాగే నీళ్ల బోరుకు మాత్రం ఈ పని చేయొద్దు. పొలం నీళ్లతో పాటు పురుగుమందు, పేడ కూడా లోపలికి పోతాయి. ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ, మునుగోడు వైపు రీచార్జి చేశాం కదా ఫ్లోరైడ్ తగ్గిపోతుందిలే అనుకోవద్దు. తాగే నీళ్లకు హద్దయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్షే చెప్పాలి.

ఫ్లోరైడ్ అన్నాం కాబట్టి ఇంకో మాట. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందిస్తే, లోకమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అంటుంది. పేరు మనది. అయినా పటిక మోతాదు ఏ బావి నీళ్లకు ఆ బావికే మారుతుందని, అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పడితే అక్కడ పారబోయకూడదని మన ఊళ్లలోనే ఎందరికి తెలుసు?

ఫామ్ పాండ్‌కూ ఇదే గతి. చెలక నేలలో ప్లాస్టిక్ షీట్ వేయకుంటే కొద్ది రోజుల్లోనే ఇంకిపోతుంది. భూమిలోకి నీళ్లు దిగాలంటే అది మంచిదే, పంటకు ఒక తడి ఇవ్వాలంటే పనికిరాదు. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. షీట్ వేస్తే 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) మందంది వేసి చుట్టూ కంచె కట్టండి. మేకలు ఒక్కసారి దిగితే చాలు, గిట్టలతో చీరేస్తాయి. పూడిక మట్టికి లెక్క చూసుకోండి: ఎకరమంతా ఒక ఇంచు మందం పరచాలంటే వంద ఘనపు మీటర్లు కావాలి, ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున 33 ట్రాలీలు. నాలుగు ట్రాలీలు కుప్పపోసి ఫలితం లేదనడం న్యాయం కాదు. నల్లరేగడిలో అసలే వేయొద్దు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది నీటిమట్టం కొలత. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, పాలమూరు, నల్లగొండ అందులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. రైతులే రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు, యాసంగికి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేసే పంటకు కావలసినవి ఎన్ని అని లెక్క కట్టారు. దేశవిదేశాల వాళ్లు దాని గురించి రాశారు. ఆ పద్ధతి ఇవాళ ఊరూరా ఉండాల్సింది.

మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మోటరు దించేటప్పుడే పక్కన ఒక ఇంచు పీవీసీ పైపు దించి వదిలేయండి, కొలత తీగ పైపుల్లో చిక్కుకోదు. రెండు పోగుల వైరు, కొనలు తెరిచి, పైన బ్యాటరీ, చిన్న బజర్. కొన నీటికి తగలగానే మోగుతుంది. వైరుకు ఫీటు ఫీటుకు గుర్తు పెట్టుకోండి. రాత్రంతా మోటరు ఆపి తెల్లవారుజామున కొలవాలి. 24 గంటల కరెంటుకు ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే, మీరు కొలిచేది మోటరు గుంజిన మట్టం, భూమిలో ఉన్న మట్టం కాదు. పక్క బోర్లు కూడా ఆగి ఉండాలి.

మన గ్రానైట్ నేలల్లో పుచ్చిన రాయి పట్టే నీళ్లు నూటికి రెండు పాళ్లే అనుకోండి. నీటిమట్టం ఒక మీటరు దిగిందంటే ఎకరం కింద తగ్గినవి 80 వేల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు కావాలి. ఈ రెండు అంకెలూ గ్రామ పంచాయతీ గోడ మీద రాసి, కింద ప్రతి బోరుకూ నాలుగు గడులు గీయండి: లోతు, కేసింగు ఎన్ని ఫీట్లు, ఈ పక్షం నీటిమట్టం, ఫెయిలైతే ఏ ఏడాది. నాలుగో గడి నింపడానికి ఎవరూ సిగ్గుపడొద్దు. పక్క రైతు మళ్లీ అదే బండ మీద రిగ్గు నిలబెట్టకుండా ఆపేది ఆ గడే.