తొంభై రోజుల సంతకం

మొన్న ఆదివారం పొద్దున్నే ఒకామె మా గేటు తట్టింది. పోయిన దసరా ముందు మా బాత్రూం గోడ పడగొట్టి కట్టినప్పుడు రెండ్రోజులు ఇటుకలు మోసిన కూలీ. చేతిలో నాలుగు మడతల కాగితం.

"సారూ, మీ ఇంట్ల తొంభై దినాలు పనిజేసిన అని ఒక సంతకం పెట్టున్రి."

మా బాత్రూం ఏమన్నా నాగార్జునసాగరా, తొంభై రోజులు కట్టడానికి? కానీ తప్పు ఆమెది కాదు. ఓనరుతో రాయించుకు రమ్మని లేబర్ ఆఫీసులో చెప్పారట. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం నుంచీ వస్తున్న రూలు ప్రకారం, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసిన వాళ్ల పేరే కూలీల సంక్షేమ రిజిస్టరులోకి ఎక్కుతుంది. న్యాయమే. అడ్డా కూలీకి రోజుకో ఓనరు ఉంటాడన్న చిన్న సంగతి ఒక్కటే మర్చిపోయారు.

కాబట్టి ఆమె ఇప్పుడు ఓ నలభై ఐదు గేట్లు తట్టాలి. ఒకాయన డల్లాస్ వెళ్లిపోయి ఉంటాడు. ఒకావిడ "మేం కిరాయికి ఉంటున్నాం" అంటుంది. ఒక మేస్త్రీ ఫోనెత్తడు. ఒకింట్లో కుక్క. ఈ సంతకాల పనికే ఇంకో తొంభై రోజులు పడుతుంది. అది మాత్రం నిర్మాణ పని కిందికి రాదు.

పైగా వీళ్లకి పెట్టిన పేరు చూడండి, అసంఘటిత రంగం! 1971లో కీత్ హార్ట్ అనే మానవ శాస్త్రవేత్త, ఘనాలోని అక్రాలో పేదల బతుకు చూసొచ్చి, వీళ్లు నిరుద్యోగులు కారు, లెక్కలకెక్కని పనులు నాలుగైదు చేసుకు బతుకుతున్నారని చెప్పాడు. మరుసటేడు అంతర్జాతీయ కార్మిక సంస్థ కెన్యా నివేదికలో ఆ మాట ఎత్తుకుంది. ఇక చూడండి, కొలంబస్ అమెరికాని కనిపెట్టినట్టు, అడ్డా కూలీని కనిపెట్టినవాళ్లకి లెక్కే లేదు.

పొద్దున ఆరింటికి ఒకసారి అడ్డా దగ్గర నిలబడండి. తాపీ పట్టుకున్నవాళ్లు ఒక పక్క, రంగులవాళ్లు ఒక పక్క, టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్లు ఒక పక్క. బండి స్లో అయితే చాలు, ఇరవై మంది చుట్టుముడతారు. అర నిమిషంలో బేరం, కూలి, ఎక్కడం అన్నీ అయిపోతాయి. పదిన్నరకి మొదలవ్వాల్సిన మీటింగు పన్నెండైనా మొదలెట్టలేని ఆఫీసు సంఘటితం, ఇది అసంఘటితం.

ఇక సెస్సు. కట్టడం ఖర్చులో నూటికో రూపాయి చొప్పున ఈ కూలీల సంక్షేమానికని వసూలు చేస్తారు. అందులోంచి లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని విని 2017లో సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. నెత్తిన ఇటుకలు పెట్టుకుని మెట్లెక్కడానికి లాప్‌టాప్ ఎలా పనికొస్తుందో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఒకటే. సిమెంటు తినేసి ఈమె వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ గుర్తుపట్టదు. పక్కనే చేసిన మగకూలీ కంటే తక్కువ కూలి తీసుకుని పోతుంది. రేపు సారువ మీంచి జారిపడితే ఆసుపత్రిదాకా మోసేది తోటి కూలీలే, రిజిస్టరు కాదు. ఈమె చెమట మీద పోగేసిన డబ్బు, ఈమెకిమ్మంటే సాక్ష్యం అడుగుతారు. సిగ్గు లేదూ?

ఇంతా తిట్టి, అబద్ధపు సర్టిఫికెట్టిస్తే రేపు కేసవుతుందేమోనన్న భయంతో, నిజాయితీగా "2 రోజులు" అని రాసి సంతకం పెట్టాను.

ఆమె కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టింది.

"ఇంక ఎనభై ఎనిమిది ఉన్నయ్. పక్కింటి సారు లేసిండా?"